సపోర్ట్ లేని వాయిస్ మోడెమ్‌ని హోమ్ అసిస్టెంట్‌కి కలపడం ఎలా

తెనాలిలో మా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఇంకా ఉంది. నాన్నగారికి ఒక చెవి సరిగా వినపడదు. రెండో చెవికి మిషన్ పెట్టుకుంటారు గానీ మధ్యాహ్నం నడుం వాల్చేటప్పుడు తీసేస్తారు, సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ ఫోన్ చేస్తుంది, ఎవరూ ఎత్తకపోతే కంగారుపడి నాకు చేస్తుంది. అందుకని ఫోన్ మోగగానే హాల్లో లైటు ఆరి వెలగాలి, ఎవరు చేస్తున్నారో గోడకి బిగించిన పాత ట్యాబ్‌లో పెద్ద అక్షరాల్లో కనపడాలి అనుకున్నాను. ఇంట్లో లైట్లన్నీ అప్పటికే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే, ఇంట్లో పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నాయి, ఒక యూఎస్‌బీ వాయిస్ మోడెమ్ (ఫోన్ లైన్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరం) కొని తగిలిస్తే అయిపోతుందని కొన్నాను, తగిలించాను, హోమ్ అసిస్టెంట్ దాన్ని గుర్తించనే లేదు.

రెండు వారాలు రాత్రుళ్ళు కూర్చున్నాక పని చేసింది, ఇప్పుడు రోజూ చేస్తోంది. అదే మోడెమ్ కాకపోయినా, మీ దగ్గర ఉన్నదానితో ఇదే దారిలో వెళ్ళొచ్చు. కమాండ్లన్నీ ఇక్కడ నోటితో పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి.

ముందు "సపోర్ట్ లేదు" అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే నేను మొదటి వారమంతా పోగొట్టుకున్నది ఈ మాటకి భయపడే. హోమ్ అసిస్టెంట్‌లో ఫోన్ మోడెమ్ అని ఒక ఇంటిగ్రేషన్, అంటే పరికరాన్ని దానికి కలిపే భాగం, ఉంది. యూఎస్‌బీలో పెట్టిన ప్రతి పరికరానికీ తయారీదారు నంబర్, మోడల్ నంబర్ ఉంటాయి కదా, ఆ ఇంటిగ్రేషన్ 0572:1340 అనే జంట కోసం చూస్తుంది. అది కోనెక్సంట్ సీఎక్స్93001 చిప్ ఉన్న మోడెమ్‌లది. అది కనపడితే తనంతట తానే "కొత్త పరికరం దొరికింది" అంటుంది, లేకపోతే నోరు మెదపదు. అంతే తేడా. మోడెమ్ లోపల మాట్లాడే భాష మాత్రం దాదాపు అన్నిటికీ ఒకటే, 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్‌తో మొదలైన ఏటీ కమాండ్లు. ఏటీ అంటే అటెన్షన్, "ఇటు విను" అని. వాయిస్ కోసం తర్వాత కలిపిన కమాండ్లకి ఐటీయూ వారి వీ.253 అనే ప్రమాణం ఉంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టకపోయినా మనం నేరుగా మోడెమ్‌తో మాట్లాడొచ్చు, అది ఏం చెబుతోందో విన్నాక ఆ రెండు ముక్కలు హోమ్ అసిస్టెంట్‌కి చేరవేస్తే చాలు.

ఇంత చేసే ముందు ఒక్క నిమిషం పని. ఆ ఇంటిగ్రేషన్‌ని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చేత్తో యాడ్ చేసి, వచ్చిన పోర్ట్‌ల జాబితాలో మీ మోడెమ్ ఉంటే దాన్ని ఎంచుకుని చూడండి. తనంతట తాను గుర్తించని మోడెమ్ కూడా ఒక్కోసారి ఇలా పని చేసేస్తుంది. నాది చేయలేదు.

మోడెమ్‌ని ఒక లినక్స్ మెషీన్‌కి పెట్టండి. నేను పక్కన పడి ఉన్న ఇంకో రాస్‌బెర్రీ పై వాడాను, అదే మంచిదని ఇప్పటికీ అంటాను. హోమ్ అసిస్టెంట్ ఓఎస్ లోపల మన సొంత స్క్రిప్ట్ నడపడం తలనొప్పి, పైగా ఇక్కడ ఏదైనా పాడుచేసినా ఇంట్లో లైట్లు ఆగిపోవు. పెట్టిన వెంటనే యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb), తర్వాత సిస్టమ్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్ చూడండి. డీమెసేజ్ చివర టీటీవైఏసీఎం0 అన్న పేరు కనపడితే సగం గెలిచినట్టే. అది సీడీసీ ఏసీఎం అనే మామూలు డ్రైవర్, లినక్స్‌తోనే వస్తుంది, విడిగా ఏమీ వేయక్కర్లేదు. సీరియల్ కేబుల్‌తో వచ్చే పాత బయటి మోడెమ్‌ని యూఎస్‌బీ కన్వర్టర్ మీద పెడితే టీటీవైయూఎస్‌బీ0 అని వస్తుంది, అదీ మంచిదే. ఎల్ఎస్‌యూఎస్‌బీలో పేరు కనపడుతూ ఈ రెండిట్లో ఏదీ రాకపోతే మాత్రం అది చాలావరకు సాఫ్ట్‌మోడెమ్, అంటే మోడెమ్ పని అంతా విండోస్‌లో డ్రైవర్ చేసే రకం. దానితో కుస్తీ పట్టొద్దు. నా దగ్గర ముందే ఉన్న ఒకదానితో నాలుగు రాత్రులు పట్టాను, ఏమీ మిగల్లేదు. దాన్ని పక్కనపెట్టి వేరేది చూసుకోండి, కొనేటప్పుడు వివరాల్లో "హార్డ్‌వేర్ కంట్రోలర్", "లినక్స్" అన్న మాటలు ఉన్నాయో లేదో చూసి కొనండి.

పోర్ట్ పేరు గురించి ఇంకో మాట. 0 అన్నది రీబూట్ అయ్యాక 1 కావచ్చు, ముఖ్యంగా వైర్‌లెస్ పరికరాలకి వాడే జిగ్బీ డాంగిల్ లాంటివి కూడా అదే మెషీన్‌కి ఉంటే. అందుకని డెవ్ ఫోల్డర్‌లో సీరియల్, అందులో బై-ఐడీ అని ఉంటుంది, అక్కడున్న పొడుగాటి పేరే వాడండి, అది మారదు. మీ యూజర్‌ని పోర్ట్ వాడే అనుమతి ఉన్న డయలౌట్ (dialout) గ్రూపులో చేర్చి ఒకసారి లాగౌట్ అయి రండి, లేకపోతే పర్మిషన్ లేదంటుంది. యూబంటు లాంటి వాటిలో మోడెమ్‌మేనేజర్ అనే సర్వీస్ నడుస్తూ ఉంటుంది, కొత్త మోడెమ్ పెట్టగానే అది వెళ్ళి పోర్ట్‌ని పట్టుకుని తన ప్రశ్నలు తాను వేస్తుంది, మధ్యలో మనం అడిగినదానికి సగం సగం జవాబులొస్తాయి. 4జీ డాంగిల్ వాడకపోతే ఆ సర్వీస్‌ని పూర్తిగా ఆపేయండి.

ఇప్పుడు సీరియల్ పోర్ట్‌తో మాట్లాడే పికోకామ్ గానీ మినీకామ్ గానీ ఆ పోర్ట్ మీద తెరిచి ఏటీ అని కొట్టండి. ఓకే అని రావాలి. ఆ ఓకే రాకుండా ముందుకు వెళ్ళొద్దు. కొట్టింది స్క్రీన్ మీద కనపడకపోతే ఏటీఈ1 కొట్టండి, అక్షరాలు కనపడతాయి. పికోకామ్ నుంచి బయటికి రావడానికి కంట్రోల్ పట్టుకుని ఏ, తర్వాత కంట్రోల్ పట్టుకునే ఎక్స్. ఓకే వచ్చాక ఏటీఐ3 అంటే చాలా మోడెమ్‌లు లోపలున్న చిప్ పేరు, ఫర్మ్‌వేర్ వెర్షన్ చెబుతాయి. డబ్బా మీద ఉన్న బ్రాండు కన్నా ఈ పేరే మనకి అసలైన చిరునామా, తర్వాత ఏం వెతకాలన్నా ఈ పేరుతోనే వెతకండి. ఏటీ+ఎఫ్‌క్లాస్=? అని అడిగితే కొన్ని అంకెలు వస్తాయి, అందులో 8 ఉంటే అది నిజంగా వాయిస్ మోడెమ్. 8 లేకపోయినా కాలర్ ఐడీ ఉండొచ్చు, లైట్ల పనికి అది చాలు.

ఇక టెలిఫోన్ తీగ. మోడెమ్‌కి రెండు సాకెట్లు ఉంటే లైన్ అన్నదానికి గోడ నుంచి వచ్చే తీగ, ఫోన్ అన్నదానికి మీ ఫోన్. ఒకటే ఉంటే బయట స్ప్లిట్టర్ పెట్టండి. రాగి లైన్ మీద మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది, అది పెద్దగా ఏమీ చేయదు గానీ ఫోన్ మోగేటప్పుడు దాని మీదకి 75 వోల్టులకి అటూఇటూగా ఏసీ వస్తుంది, గట్టిగానే కొడుతుంది. కాబట్టి తీగలు విప్పి కలిపే పని ఉంటే ముందు గోడ దగ్గర సాకెట్ పీకేయండి.

పికోకామ్ తెరిచి ఉంచి మీ మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేయండి. స్క్రీన్ మీద రింగ్ అని రావాలి. వచ్చిందా? అయితే లైటు ఆరి వెలగడానికి కావలసింది మీ చేతిలో ఉన్నట్టే. ఎవరు చేశారన్నది తర్వాత సంగతి, నా సలహా ఏమిటంటే మొదట ఈ రింగ్ ఒక్కదాన్ని హోమ్ అసిస్టెంట్‌దాకా తీసుకెళ్ళి లైటు వెలిగించండి, ఇంట్లోవాళ్ళకి అప్పటినుంచే ఉపయోగం మొదలవుతుంది. నంబర్ కోసం ఆగితే నెల గడిచిపోతుంది.

నంబర్ రావాలంటే ఏటీ+వీసీఐడీ=1 కొట్టాలి. పాత రాక్‌వెల్ తరహా చిప్‌లలో అదే పనికి ఏటీ#సీఐడీ=1. ఒకటి ఎర్రర్ అంటే రెండోది కొట్టండి. అంతా సరిగా ఉంటే ఫోన్ వచ్చినప్పుడు రింగ్ కింద డేట్, టైమ్, ఎన్ఎంబీఆర్, నేమ్ అని విడివిడి లైన్లు వస్తాయి. డేట్‌లో నెల ముందు, తేదీ తర్వాత ఉంటుంది, 0803 అంటే ఆగస్టు 3. ఎన్ఎంబీఆర్ దగ్గర పీ అని ఉంటే నంబర్ దాచారు, ఓ అని ఉంటే నంబర్ అందలేదు.

నాకు మాత్రం వరసగా రింగ్, రింగ్, రింగ్ తప్ప ఇంకేమీ రాలేదు. మోడెమే పాడైందనుకుని అమ్మినవాళ్ళని అడిగితే "మాది బాగానే ఉంది, మీ లైన్‌లో తేడా" అన్నారు. లైన్ చూడటానికి వచ్చినాయన "లైన్ బాగానే ఉంది, మీ మోడెమ్‌లో తేడా" అన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే, తేడా ఆ రెండిటి మధ్యలో ఉంది. మన దేశంలో ఈ పని చేయబోయేవాళ్ళందరికీ తగిలే గోడ ఇదే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

కాలర్ ఐడీ పంపే పద్ధతులు ఒకటి కన్నా ఎక్కువ. అమెరికాలో మొదటి రింగ్‌కీ రెండో రింగ్‌కీ మధ్య ఖాళీలో నంబర్‌ని ఎఫ్ఎస్‌కే అనే పద్ధతిలో పంపుతారు, సెకనుకి 1200 బిట్ల వేగంతో, 1200, 2200 హెర్ట్జ్ అనే రెండు స్వరాల మీద. మనకి దొరికే మోడెమ్‌లు ఎక్కువ దీనికోసమే ఎదురుచూస్తాయి. మన పాత రాగి లైన్ల మీద వేరే పద్ధతి ఉంది. మొదటి రింగ్ రాకముందే లైన్ పోలారిటీ, అంటే రెండు తీగల ప్లస్ మైనస్‌లు, తిరగబడుతుంది, ఆ వెంటనే నంబర్ డీటీఎంఎఫ్‌లో, అంటే ఫోన్ బటన్లు నొక్కితే వినపడే అవే బీప్‌లలో వచ్చేస్తుంది. ఆస్టరిస్క్ అనే టెలిఫోన్ సాఫ్ట్‌వేర్‌లో దీనికోసమే ఇండియా పేరు మీద "పోలారిటీ_ఐఎన్" అని ఒక సెట్టింగే పెట్టారు. అంటే మోడెమ్ వినడం మొదలుపెట్టేసరికి నంబర్ వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. మన దగ్గర అమ్మే కాలర్ ఐడీ ఫోన్ల డబ్బాల మీద "ఎఫ్ఎస్‌కే/డీటీఎంఎఫ్" అని రెండూ రాసి ఉండేది అందుకే. అదే లైన్ మీద ఫోన్‌లో నంబర్ కనపడుతూ మోడెమ్‌లో రాకపోతే నూటికి తొంభైపాళ్ళు ఇదేనని నేనంటాను.

దీనికి చేయగలిగినవి ఇవి. మొదట మోడెమ్‌కి దేశం చెప్పండి. ఏటీ+జీసీఐ? అంటే ఇప్పుడు ఏ దేశమనుకుంటోందో చెబుతుంది, బీ5 అంటే అమెరికా. మన దేశం కోడ్ 53, ఏటీ+జీసీఐ=53 అని కొట్టండి. దేశం మారితే కాలర్ ఐడీ వినే పద్ధతి కూడా మార్చుకునే చిప్‌లు ఉన్నాయి. కరెంటు పోయి వస్తే మళ్ళీ పాతదానికే వెళ్ళొచ్చు కాబట్టి ఈ కమాండ్‌ని స్క్రిప్ట్ మొదలయ్యే ప్రతిసారీ పంపండి. దీనితో కుదరకపోతే డీటీఎంఎఫ్‌ని ఎఫ్ఎస్‌కేగా మార్చే చిన్న కన్వర్టర్ డబ్బాలు దొరుకుతాయి, లైన్‌కీ మోడెమ్‌కీ మధ్య పెట్టాలి. ఇక మీ ల్యాండ్‌లైన్ ఫైబర్ మీదకి మారి ఉంటే పని చాలా తేలిక, ఎందుకంటే అప్పుడు ఫోన్‌కి రింగ్ పంపేదీ నంబర్ పంపేదీ ఎక్కడో ఎక్స్ఛేంజీ కాదు, మీ ఇంట్లో గోడకున్న ఓఎన్‌టీ, అంటే ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బానే. చాలా ఓఎన్‌టీలలో ఫోన్ పోర్ట్ సెట్టింగ్స్ కింద కాలర్ ఐడీ రకం ఎంచుకునే చోటు ఉంటుంది, అక్కడ ఎఫ్ఎస్‌కే లేదా బెల్‌కోర్ అని పెట్టాలి. మీకు ఆ పేజీ తెరుచుకోకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్ళని మర్యాదగా అడగండి, ఐదు నిమిషాల పని. మా ఇంట్లో 53 పెట్టినా ఏమీ మారలేదు, ఫైబర్‌కి మారి ఈ సెట్టింగ్ పెట్టించిన రోజే ఎన్ఎంబీఆర్ దగ్గర పెద్దమ్మ నంబర్ కనపడింది. ఆ రోజు మా నాన్నగారు ట్యాబ్ ముందు నిలబడి "ఏదీ, ఇంకోసారి చెయ్యమను" అని మూడుసార్లు చేయించారు.

ఇక హోమ్ అసిస్టెంట్‌కి చేర్చడం. దీనికి ఎంక్యూటీటీ (పరికరాలు ఒకదానికొకటి చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి) వాడండి. హోమ్ అసిస్టెంట్‌లో ఆ సందేశాల్ని అందుకుని పంచే మస్కిటో బ్రోకర్ వేసుకుని, మోడెమ్ ఉన్న రాస్‌బెర్రీ పై మీద పైథాన్‌లో ఒక స్క్రిప్ట్ రాయండి. పైసీరియల్ అనే పైథాన్ లైబ్రరీతో పోర్ట్ తెరవడం, మోడెమ్‌ని రీసెట్ చేసే ఏటీజెడ్ పంపి ఓకే కోసం ఆగడం, తర్వాత దేశం కోడ్, తర్వాత వీసీఐడీ, ఆపైన ఒక్కో లైనూ చదువుతూ కూర్చోవడం, అంతా కలిపి యాభై అరవై లైన్లు మించదు. ఒక్కో కమాండ్‌కి ఓకే వచ్చాకే తర్వాతది పంపండి, అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే మోడెమ్ కొన్నిటిని మింగేస్తుంది. రింగ్ వస్తే స్థితి "మోగుతోంది", ఎన్ఎంబీఆర్ వస్తే నంబర్ పంపడం, ఆరు సెకన్ల పాటు రింగ్ రాకపోతే "ఖాళీ". ఈ ఆరు సెకన్లు ఎందుకంటే ఫోన్ ఆగిపోయిందని మోడెమ్ విడిగా చెప్పదు, మనమే ఊహించాలి. మన రింగ్ ట్రింగ్-ట్రింగ్ అని రెండు ముక్కలుగా మోగి రెండు సెకన్లు ఆగుతుంది, ఒక్కో ముక్కకీ ఒక రింగ్ పంపే మోడెమ్‌లు కూడా ఉంటాయి, కాబట్టి రింగ్‌లు లెక్కపెట్టి ఏదైనా చేయాలనుకుంటే మీ మోడెమ్ ఎలా లెక్కపెడుతుందో ముందు చూసుకోండి. స్క్రిప్ట్‌ని లినక్స్‌లో ప్రోగ్రాములు నడిపే సిస్టమ్‌డీలో సర్వీస్‌గా పెట్టి, పడిపోతే మళ్ళీ లేచేలా రీస్టార్ట్ సెట్టింగ్ ఇవ్వండి. హోమ్ అసిస్టెంట్ వైపు ఎంక్యూటీటీ డిస్కవరీ వాడితే సెన్సర్ దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

నంబర్‌ని పేరుతో పోల్చేటప్పుడు చివరి పది అంకెలే తీసుకోండి. ఒకే మనిషి నంబర్ ఒకసారి ముందు 0తో, ఒకసారి 91తో, ఒకసారి ఏమీ లేకుండా వస్తుంది. ట్యాబ్‌లో చూపేటప్పుడు మాత్రం మొబైల్ నంబర్ ముందు 0 పెట్టి చూపండి, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే 0 తప్పనిసరి కదా, పెద్దవాళ్ళు తెర మీద ఉన్నది ఉన్నట్టు నొక్కుతారు. 140తో మొదలయ్యేవి ప్రచార కాల్స్, వాటికి లైటు వెలగకుండా ఒక షరతు పెట్టాను, మధ్యాహ్నం నిద్ర చెడకుండా. కాకపోతే నంబర్ వచ్చేది మొదటి రింగ్ తర్వాత కాబట్టి లైటుని రెండో రింగ్‌దాకా ఆపాలి, ఆ రెండు మూడు సెకన్లకి ఫరవాలేదు.

లైటు ఆరి వెలిగించే ఆటోమేషన్‌లో ఒక జాగ్రత్త. ముందు హోమ్ అసిస్టెంట్‌లోని సీన్ క్రియేట్‌ (scene.create) తో ఆ లైటు ఇప్పుడున్న స్థితిని ఫోటో తీసినట్టు దాచుకుని, పని అయ్యాక ఆ సీన్‌నే తిరిగి పెట్టండి. నేను మొదట ఇది చేయలేదు, రాత్రి పదికి ఎవరో రాంగ్ నంబర్ చేస్తే హాల్లో లైటు తెల్లారేదాకా వెలుగుతూనే ఉంది.

ఇంతవరకు వాయిస్ అన్న మాటకి పని రాలేదు. ఎవరూ ఎత్తకపోతే మోడెమే ఎత్తి "నాన్నగారు పడుకున్నారు, కాసేపాగి చేయండి" అని చెప్పాలంటే అప్పుడు వస్తుంది. ఏటీ+ఎఫ్‌క్లాస్=8 అని వాయిస్‌లోకి వెళ్ళాలి, ఏటీ+వీఎస్ఎం=? అని అడిగి ఏ ఆడియో రకాలు తెలుసో చూసుకుని 8 బిట్ల, 8000 హెర్ట్జ్ రకాన్ని ఎంచుకోవాలి, దాని నంబర్ చిప్‌ని బట్టి మారుతుంది. ఏటీ+వీఎల్ఎస్=1 అంటే లైన్ ఎత్తుతుంది, ఏటీ+వీటీఎక్స్ అంటే కనెక్ట్ అని వస్తుంది, అప్పుడు ఆడియో బైట్లు పంపాలి. రికార్డు చేసిన మాటని సాక్స్ అనే ప్రోగ్రామ్‌తో ఆ రకంలోకి, హెడర్ లేకుండా మార్చుకోండి. సెకనుకి 8000 బైట్లు కాబట్టి అంతే వేగంతో చిన్న చిన్న ముక్కలుగా పంపండి, ఒకేసారి తోసేస్తే మాట తెగిపోతుంది. ఆడియోలో 16 అనే విలువ ఉన్న బైటు వస్తే దాన్ని రెండుసార్లు పంపాలి, ఎందుకంటే మోడెమ్‌కి 16 అంటే "ఇక్కడ ఏదో ఆజ్ఞ ఉంది" అని అర్థం. ఈ ఒక్క సంగతి తెలియక నా మాట ప్రతిసారీ "నాన్నగారు ప" దగ్గర ఆగిపోయేది. ముగించడానికి 16, దాని వెంట 3 పంపి, తర్వాత ఏటీ+వీఎల్ఎస్=0.

వాయిస్‌లో ఉండగా అవతలివాళ్ళు బటన్ నొక్కితే మోడెమ్ మనకి 16 వెంట ఆ అంకె పంపుతుంది. దీనితో ఊరి నుంచి ఫోన్ చేసి నీళ్ళ మోటారు ఆపడం లాంటివి చేయొచ్చు, చాలా బాగుంటుంది. తలుపు తాళం, గ్యాస్, గీజర్ మాత్రం దీనికి ఇవ్వొద్దు. కాలర్ ఐడీని మార్చి ఫోన్ చేయడం కష్టమేమీ కాదు, కాబట్టి నంబర్ చూసి నమ్మకుండా మోటారుకైనా నాలుగంకెల పిన్ పెట్టండి, మూడుసార్లు తప్పు నొక్కితే లైన్ పెట్టేసేలా రాయండి.

రాగి లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, ఇంట్లో పోయినా ఫోన్ మోగేది. ఫైబర్‌కి అది లేదు. ఓఎన్‌టీ, వైఫై రౌటర్, రెండు రాస్‌బెర్రీ పైలు ఒకే చిన్న యూపీఎస్ మీద పెట్టండి, లైటు మాత్రం ఇన్వర్టర్ లైన్ మీదున్నది ఎంచుకోండి. రాగి లైన్ ఇంకా ఉన్నవాళ్ళు ఉరుముల రోజున మోడెమ్ నుంచి టెలిఫోన్ తీగ పీకేయాలి, పిడుగు స్తంభం మీద పడినా ఆ తీగ వెంట వచ్చి మోడెమ్‌నీ దాని వెనకున్న రాస్‌బెర్రీ పైనీ కలిపి కాల్చేస్తుంది. పీకినప్పుడు ట్యాబ్‌లో "ఫోన్ తీగ తీసి ఉంది" అని చూపించడానికి హోమ్ అసిస్టెంట్‌లో చేత్తో నొక్కే ఒక స్విచ్ పెట్టాను, వాన తగ్గాక మళ్ళీ పెట్టడం మర్చిపోకుండా.